శివారు ఆట

మా నాన్న కాలువ గట్టున నిలబడి నీళ్ళ కోసం చూసేవాడు. నేను రేపల్లె స్టేషన్లో నిలబడి పెట్టె కోసం చూసేవాణ్ణి. ఇద్దరి చూపూ ఒకే దిక్కుకు, బెజవాడ వైపుకు. సీతానగరం దగ్గర తలుపులు ఎత్తితే నీళ్ళు బయల్దేరేవి. గాంధీనగరంలో పంపిణీ ఆఫీసు మెట్లు దిగితే పెట్టె బయల్దేరేది. రెండూ ముందు తెనాలి చేరేవి. రెండూ మా దగ్గరికి ఆఖర్న వచ్చేవి.

డెల్టా బయట పుట్టినవాళ్ళకు శివారు అన్న మాటలోని బరువు చెప్పినా తెలియదు. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, పడమటి డెల్టా బతుకంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. పెద్ద కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలుగా చీలుతుంది. తెనాలి ఊళ్ళోంచే మూడు కాలువలు పోతాయి. అక్కడి పిల్లలు బడికి వెళ్ళాలన్నా వంతెన దాటాల్సిందే. ఇంకో పాయ, కొమ్మమూరు కాలువ, బాపట్ల వైపు పొలాలను తడుపుతూ పోతుంది. అన్నీ తాగగా మిగిలింది రేపల్లె దాటి నిజాంపట్నం ఉప్పు నేలల దాకా రావాలి. ఎగువ రైతు నాట్లు వేసి, మొదటి కలుపు తీసి, దుబ్బు కట్టిన పైరు చూసి మురుస్తున్న రోజుల్లో మా నాన్న ఇంకా నారుమడి ఎండకుండా చూసుకుంటూ ఉండేవాడు. శివారు రైతుది ఎప్పుడూ రెండో ఆటేరా అనేవాడు. సినిమాలు ఎక్కువ చూసిన మనిషి కాదు. అయినా ఆ మాట ఆయన నోటికి అలా వచ్చింది. నీటి సంగతి మాట్లాడుతూ సినిమా మాట వాడటం మా వైపు వింతేమీ కాదు.

సినిమా కూడా కాలువ లాగే పారేది. కొత్త బొమ్మకు ప్రింట్లు కొన్నే తీసేవాళ్ళు. ప్రింటు ఖరీదైన వస్తువు. మూడు గంటల సినిమా అంటే పదహారు వేల అడుగుల ఫిల్ము, పరిస్తే సుమారు 5 కిలోమీటర్లు. అంత పొడవు రీళ్ళుగా చుట్టి, గుండ్రటి డబ్బాల్లో పెట్టి, డబ్బాలను ఇనప పెట్టెలో పేర్చి తాళం వేసేవాళ్ళు. ఆ పెట్టెనే మేమంతా బాక్సు అనేవాళ్ళం. గుంటూరు జిల్లా వాటాకు వచ్చిన పెట్టెలు మొదట గుంటూరులో, తెనాలిలో దిగేవి. అక్కడ వారాలకు వారాలు ఆడి, జనం పలచబడ్డాక బాపట్లకో చీరాలకో మారేవి. ఆ తర్వాత రేపల్లె. మా తర్వాత ఇంకెవరైనా ఉన్నారంటే, కోతలయ్యాక పొలాల్లో గుడారం వేసుకునే టూరింగ్ టాకీసు వాళ్ళు.

ఆ పెట్టె ఎక్కి వచ్చే రైలు కూడా మా ఊళ్ళోనే ఆగిపోయేది. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో పట్టాలు వేశారు. రేపల్లె తర్వాత పట్టాలు లేవు. అవతల కృష్ణ, దాని అవతల దివిసీమ. ప్యాసింజరు వేమూరు దాటి, భట్టిప్రోలు దాటి, ఇంజను బరువుగా ఊపిరి వదులుతూ వచ్చి నిలిచేది. భట్టిప్రోలు పేరు రాయగానే నాకింకో పెట్టె గుర్తుకొస్తుంది. 1892లో అక్కడి స్తూపం తవ్వితే బుద్ధుడి ధాతువులని నమ్మి దాచిన రాతి పేటికలు దొరికాయి. వాటి మీద ఉన్న అక్షరాలు మన నేలలో దొరికిన అతి పాత రాతల్లో కొన్ని. లేని మనిషి ఆనవాలును పెట్టెలో పెట్టి భద్రపరచడం ఈ మాగాణికి రెండువేల ఏళ్ళ కిందటే తెలుసు. మా ప్యాసింజరు గార్డు పెట్టెలో ఉన్నదీ అలాంటిదే అని చిన్నప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటాను.

పెట్టె మీద పాత పార్సెలు చీటీలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉండేవి. చిరిగిన చీటీ కింద ఇంకో ఊరి పేరు. గోటితో గీకి చదివేవాళ్ళం. గుంటూరు, తెనాలి, బాపట్ల, మళ్ళీ తెనాలి. మా ఊరి చీటీ అన్నిటికన్నా పైన ఉండేది. కూలీ దాన్ని నెత్తికెత్తుకుని హాలు వైపు నడిస్తే వెనక మేము. బాక్సు వచ్చిందంట అన్న మాట మాకన్నా ముందే బజారు చేరేది. మధ్యాహ్నానికి రిక్షాకు రెండు పక్కలా వాల్‌పోస్టర్లు కట్టి, మైకు పెట్టి, గులాబీ రంగు కరపత్రాలు గాల్లోకి విసురుతూ తిరిగేవాళ్ళు. సాయంత్రం హాలు కప్పు మీది మైకులో ఘంటసాల భక్తిపాట మొదలైతే టికెట్లు ఇవ్వబోతున్నారని అర్థం. పొలాల్లో ఉన్నవాళ్ళకు గడియారం అదే. ఆ పాట విని కొడవలి కడుక్కునేవాళ్ళు.

మా మామయ్యది తెనాలి. సెలవులకు అక్కడికి వెళ్ళడమంటే రేపల్లెకు ఆరు నెలలకో ఏడాదికో వచ్చే సినిమాను ముందే చూడటం. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. కాలువలూ వంతెనలూ చూసి అన్నారో, నాటకాలూ పత్రికలూ చూసి అన్నారో పెద్దవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవాళ్ళు. అసలు ప్యారిస్‌లో 1895 డిసెంబరు 28న లూమియే సోదరులు డబ్బు తీసుకుని జనానికి కదిలే బొమ్మలు చూపించారనీ, అది ఒక కాఫీ హోటల్లోని గదిలో జరిగిందనీ చాలా తర్వాత చదివినప్పుడు నాకు కళ్ళకు కట్టింది తెనాలే. మామయ్యతో హాలుకు వెళ్ళే ముందు కాఫీ తాగడం మాకు ఆచారం. ఇత్తడి గ్లాసులో పొగలు కక్కే కాఫీ, ఆ తర్వాత చీకటి.

రేపల్లె తిరిగి వచ్చాక నాకొక హోదా ఉండేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చింతచెట్టు కింద కథ చెప్పాలి. టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు పడిందో దగ్గర్నుంచి చెప్పాలి. ఫైటింగులు చేసి చూపాలి. నేను చెప్పినదాన్ని వాళ్ళు ఇళ్ళకు మోసుకుపోయి అమ్మలకు చెప్పేవాళ్ళు, అమ్మలు బావి దగ్గర చెప్పుకునేవాళ్ళు. పాటలు రేడియోలో వచ్చేవి. పాటల పుస్తకం తెనాలి నుంచి నేనే తెచ్చేవాణ్ణి. ఇలా బొమ్మ రాకముందే బొమ్మంతా ఊళ్ళో తిరుగుతూ ఉండేది. చివరికి పెట్టె దిగిన రోజున నేల టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్ళలో కథ తెలియనివాడు ఉండేవాడు కాదు. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం లేదు. ఎలా అవుతుందో చూడటమే పని. తెలిసిన కథ కోసం రాత్రంతా కూర్చోవడం మా జనానికి కొత్త కాదు. హరికథకు ఎవరు వెళ్ళినా రాముడు గెలుస్తాడా లేదా అని వెళ్ళరు గదా.

ఈ ఆలస్యం గురించే నేను రాయాలనుకున్నది. సినిమా హాళ్ళ చరిత్ర అంటే ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, మొదటి బొమ్మ ఏది అని రాస్తారు. అది అవసరమే. బందరులో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించి, గుడారం వేసుకుంటూ ఊరూరా తిరిగి, 1914లో మద్రాసు మౌంటు రోడ్డు దగ్గర గెయిటీ కట్టడం మనవాళ్ళ సినిమా హాళ్ళ కథలో మొదటి పేజీ. 1921లో బెజవాడలో పోతిన శ్రీనివాసరావు కట్టిన మారుతీ సినిమా రెండో పేజీ. 1932లో భక్త ప్రహ్లాదతో తెర తెలుగులో మాట్లాడింది, ఆ తర్వాత పట్టణాల్లో హాళ్ళు టాకీసులయ్యాయి. కానీ ఈ పేజీలన్నీ ఎగువ పేజీలు. వెంకయ్య గుడారం ఏ ఊరి చివర దిగిందో, దిగేసరికి ఆ ఫిల్ము ఎన్ని ఊళ్ళు తిరిగి గీతలు పడిందో, ఆ గీతల వానలో జనం ఏం చూశారో ఎవరూ రాయలేదు. శివారు చరిత్ర రాసినవాళ్ళు లేరు.

నా లెక్కలో సినిమాకు ఎగువ, దిగువ అని రెండు ప్రయాణాలున్నాయి. మనుషులు ఎగువకు పోయారు, బొమ్మలు దిగువకు వచ్చాయి. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టాడు. తెనాలి రామవిలాస సభ రంగస్థలం మీద సత్యభామగా, చింతామణిగా నడిచాడు. ఆడవాళ్ళు ఆయన నడక చూసి చీర కట్టు నేర్చుకున్నారని మా నాయనమ్మ అనేది. చిత్తూరు నాగయ్య పేరులో చిత్తూరు ఉంది గానీ ఆయన పుట్టింది మా రేపల్లెలో, 1904లో. ఆ సంగతి మా ఊళ్ళో తెలియని పెద్దవాడు లేడు. ఆయన పోతనగా, త్యాగయ్యగా, వేమనగా మారి, ఇనప పెట్టెలో పడుకుని, తను పుట్టిన ఊరికి వచ్చేవాడు. అదీ అందరికన్నా ఆఖర్న. తెనాలిలో వైద్యం చేసుకునే డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు కన్యాశుల్కంలో లుబ్ధావధానులయ్యాడు. తెనాలి పక్క మోరంపూడి నుంచి జగ్గయ్య, రావికంపాడు నుంచి గుమ్మడి, తెనాలి నుంచి శారద, బుర్రిపాలెం నుంచి కృష్ణ మద్రాసు రైలెక్కారు. ఒక్క తాలూకా నుంచి ఇంతమంది పోయారంటే కారణం నీళ్ళలోనే ఉందని మా వాళ్ళ నమ్మకం. నా మటుకు నాకు కారణం నాటకం. రామవిలాస సభ లాంటిది ఊళ్ళో ఉంటే ముఖానికి రంగు వేసుకోవడం తప్పు కాదని ఇంట్లోవాళ్ళకు ముందే తెలుస్తుంది.

ఇక చక్రపాణి. తెనాలి ఐతానగరం మనిషి, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థను నడిపి పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ ఇచ్చినవాడు. ఆయన ఊరికీ మా ఊరికీ మధ్య ప్యాసింజరులో గంటన్నర దారి లేదు. ఆయన నిర్మాతగా ఉన్న బొమ్మ మద్రాసులో పుట్టి, బెజవాడ వచ్చి, ఆయన పుట్టిన ఊళ్ళో ఆడి, మా ఊరు వచ్చేసరికి కొంత అరిగిపోయి ఉండేది.

మా ఊరి హాలు గొప్ప కట్టడమేమీ కాదు. రేకుల కప్పు. వాన వస్తే తెర మీది మాటలు వినపడేవి కావు, జనమే గుర్తున్న మాటలు పైకి చెప్పుకునేవాళ్ళు. ముందు నేల, తర్వాత బెంచీలు, వెనక కుర్చీలు. ఆడవాళ్ళ నేలకు మగవాళ్ళ నేలకు మధ్య నడుమెత్తు గోడ. గోడకు అటువైపు నుంచి ఏడుపు వినపడితే ఇటువైపు వాళ్ళు దగ్గేవాళ్ళు, తమకూ వస్తున్న ఏడుపు దాచుకోవడానికి. క్యాబిన్లో రెండు మిషన్లు. కార్బను కడ్డీల కొనలు రెండూ దగ్గరకు తెస్తే పుట్టే మెరుపు వెలుగుతో బొమ్మ పడేది. కడ్డీలు కాలి తరుగుతుంటే ఆపరేటరు చూసుకుంటూ దగ్గరకు జరుపుతూ ఉండాలి. చూపు తప్పిస్తే తెర ఎర్రబడిపోయేది. ఒక మిషన్లో రీలు అయిపోబోతుంటే తెర మీద కుడివైపు పై మూలలో చిన్న చుక్క మెరిసేది. అది కనబడగానే రెండో మిషను తిప్పాలి. జనంలో ఎవరికీ పట్టని ఆ చుక్క కోసం మేము కళ్ళార్పకుండా కూర్చునేవాళ్ళం. అది మాకూ ఆపరేటరుకూ మధ్య రహస్యం.

ఈ హాలు స్వేచ్ఛ సంగతి నాకు పెద్దయ్యాక అర్థమైంది. తెనాలిలో కొత్త బొమ్మ వాటా పద్ధతి మీద ఆడేది. వసూళ్ళలో ఇంత శాతం పంపిణీదారుది, ఇంత హాలుది. ఎన్ని ఆటలు, ఎన్ని వారాలు, ఎప్పుడు తీసెయ్యాలి అన్నీ పంపిణీదారు చేతిలో ఉండేవి. హాలు యజమాని తన హాల్లో తానే కౌలుదారు లాంటివాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆ బొమ్మ తిన్నదంతా తినేసి ఉండేది. ఇక దాన్ని వారానికింత అని గుత్త అద్దెకు ఇచ్చేసేవాళ్ళు. ఆ డబ్బు కడితే ఏడు రోజులు అది మనది. పాతదైనా సరే, మూడుసార్లు ఆడిందైనా సరే, ఏది కావాలంటే అది తెప్పించుకోవచ్చు. అంచేత రేపల్లెలో ఏ బొమ్మ ఆడాలో రేపల్లెలోనే తేలేది. మా హాలు యజమాని సాయంత్రాలు వరండాలో వాలుకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బట్టల కొట్టాయన, తెలుగు మాస్టారు, ఎరువుల సొసైటీ గుమాస్తా వచ్చి చేరేవాళ్ళు. వచ్చేవారం ఏం వేద్దామండీ అని ఆయన నిజంగానే అడిగేవాడు. ఒకసారి మా అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు గుడి నుంచి వస్తూ ఆగి, ఏమండీ, త్యాగయ్య తెప్పించకూడదూ అన్నారు. రెండు వారాల్లో తెప్పించాడు. నష్టం వచ్చిందో లాభం వచ్చిందో నాకు తెలియదు. నాగయ్య మన ఊరివాడు, ఏడాదికోసారైనా రావాలి అన్నాడట.

శివరాత్రికి ఒకే టికెట్టు మీద రాత్రంతా ఆటలు. ఏ మూడు సినిమాలు కలపాలో ఆ వరండాలోనే వాదులాడుకునేవాళ్ళు. జాగారం చేసేవాళ్ళకు నిద్ర రాకుండా ఉండాలంటే మొదట భక్తి, నడిమిది జానపదం, తెల్లవారుజామున హాస్యం అని మాస్టారి సిద్ధాంతం. తెనాలిలో అలాంటి వాదన జరిగే వీలే లేదు. కొత్త బొమ్మలు ముందు చూసే భాగ్యం వాళ్ళది. కావలసినవి వేసుకునే భాగ్యం మాది. సొంత హాలు, స్వతంత్రమైన హాలు అన్న మాటకు నేను చూసిన అర్థం అదొక్కటే. అది దొరికింది కాలువ చివరనే.

ఇదంతా విని మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. డిగ్రీలో ఉన్నప్పుడు ఒకసారి ఇలాంటిదే ఏదో అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నీళ్ళు ఆలస్యమైతే ఏమవుతుందో తెలిసి మాట్లాడరా అన్నాడు. ఆయన అన్నది న్యాయం. శివారులో ఉండటంలో అందం వెతకడం పంట పోయినవాడి ముందు చెయ్యాల్సిన పని కాదు. ఎగువ నుంచి నీళ్ళు ఆఖర్న వచ్చే చోటికి సముద్రం అందరికన్నా ముందు వస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది, మా తీర గ్రామాలనూ వదల్లేదు. ఆ రాత్రి హాలు రేకులు గాలికి లేచిపోయాయి. తెల్లారి చూస్తే తెర చట్రం ఒక్కటి నిలబడి ఉంది, దాని వెనక మబ్బు పట్టిన ఆకాశం. బాధితుల కోసం రామారావు, నాగేశ్వరరావు వీధుల్లోకి వచ్చి జోలె పట్టి విరాళాలు అడిగారు. తెర మీద చూసిన మనుషులు రోడ్డు మీద చెయ్యి చాచారని మా నాన్న ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. సినిమావాళ్ళ మీద ఆయనకు గౌరవం కలిగింది అప్పుడే. రేకులు మళ్ళీ వేయడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆ ఘంటసాల పాట లేక సాయంత్రం ఎప్పుడైందో తెలిసేది కాదని అమ్మ అనేది.

తర్వాత నేను బాపట్లలో ఉద్యోగం చేసిన కాలం గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. వ్యవసాయ కళాశాల పిల్లలు రెండో ఆటకు గుంపుగా వచ్చేవాళ్ళు, ఆట వదిలాక భావన్నారాయణస్వామి గుడి దారిలో పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళు. బాపట్ల మధ్యస్తంగా ఉండే ఊరు, పెట్టె మరీ ముందూ కాదు మరీ వెనకా కాదు. అక్కడ ఆత్రమూ లేదు, ఓర్పూ లేదు.

2005 దాటాక పెట్టెలు తగ్గడం మొదలైంది. ఇంకో ఎనిమిది తొమ్మిదేళ్ళకు పూర్తిగా పోయాయి. ఇప్పుడు బొమ్మ ఉపగ్రహం నుంచి దిగుతుంది, లేదా చిన్న డిస్కులో వస్తుంది. అయితే అది హాల్లో ఉన్నంత మాత్రాన హాలుది కాదు. దానికి కంప్యూటరు తాళం ఉంటుంది. తాళంచెవి, అంటే ఒక అంకెల వరస, దూరాన ఎక్కడినుంచో వస్తుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా మిషను మీద మాత్రమే తెరుచుకుంటుంది. గడువు దాటితే తెర నల్లగా ఉండిపోతుంది. దుగ్గిరాల లాకులు కనీసం కంటికి కనిపిస్తాయి, లాకు సూపరింటెండెంటు ముందు నిలబడి అడగవచ్చు, తగువు పడవచ్చు. ఈ లాకు ముందు నిలబడటానికి చోటు లేదు. ఆ డిజిటల్ కంపెనీలు తీసుకునే రుసుముల మీద 2018 మార్చిలో తగువు వచ్చి తెలుగు రాష్ట్రాల్లో హాళ్ళు కొన్నాళ్ళు మూసేశారు కూడా.

ఇప్పుడు తెనాలికీ బాపట్లకూ రేపల్లెకూ ఒకే శుక్రవారం, ఒకే ఉదయం. హైదరాబాదుకూ డాలస్‌కూ అదే. అమెరికాలో ముందు రోజు రాత్రే పడిపోతుంది, తెనాలి కుర్రాడు నిద్ర లేచేసరికి అక్కడి మనవాళ్ళు కథంతా చెప్పేసి ఉంటారు. లోకానికంతా తెనాలి కూడా శివారే అయిందన్నమాట. మా ఊరి పిల్లలు ఎవరి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఎవరి నోటి కథా వినక్కర్లేదు. ఇందులో మంచి ఉంది, కాదనను. వెనకబడిన ఊరన్న మాట పోయింది. నీళ్ళు ఇలా అందరికీ ఒకేరోజు వస్తే మా నాన్న చేతులెత్తి దణ్ణం పెట్టేవాడు. కానీ నీళ్ళు వచ్చాక నెలల తరబడి పొలంలో నిలుస్తాయి. బొమ్మ మూడు రోజులు నిలుస్తోంది. శుక్రవారం జాతర, సోమవారానికి ఊడ్చినట్టు ఖాళీ. రెండో వారానికి వేసుకోవడానికి పాతది తెప్పించుకుందామంటే, పాతది అన్నదానికి ఇప్పుడు దారే లేదు. అది టీవీలో ఉంది, చేతిలోని ఫోన్లో ఉంది. చాలాచోట్ల హాళ్ళు లీజులకు పోయాయి. ఏం ఆడాలన్నది ఎగువనే తేలిపోతుంది. కొన్ని కల్యాణ మండపాలయ్యాయి. 2020లో కరోనాకు వేసిన తాళం కొన్ని హాళ్ళకు మళ్ళీ తీయలేదు. ఆ వరండాల్లో కూర్చుని వచ్చేవారం ఏం వేద్దామండీ అని అడిగే మనిషి అవసరం ఎవరికీ లేకుండా పోయింది. నాకు బాధ ఆ ప్రశ్న గురించే. హాలు కూలితే ఇంకోటి కట్టుకోవచ్చు.

మాయాబజార్ నేను మొదట చూసింది రేపల్లెలోనే. అప్పటికి ఆ ప్రింటు ఎన్ని చేతులు మారిందో. ప్రతి ఊళ్ళోనూ ఫిల్ము తెగుతుంది, తెగిన చోట ఆపరేటరు రెండు మూడు ఫ్రేములు కత్తిరించి అతికిస్తాడు. ఊరికి రెండు ఫ్రేములు, నాలుగు ఫ్రేములు. మా దగ్గరికి వచ్చేసరికి ఘటోత్కచుడి భోజనం దగ్గర పెద్ద ముక్క లేచిపోయింది. ఎస్వీ రంగారావు కూర్చుంటాడు, లడ్లు వాటంతటవే లేస్తాయి, ఆ వెంటనే, కన్ను మూసి తెరిచేంతలో, పళ్ళేలు ఖాళీ. ఆయన తినడం మేము చూడనే లేదు. మార్కస్ బార్ట్‌లే కెమెరా చేసిన మాయల్లో అది అన్నిటికన్నా గొప్ప మాయ అని మా నేల జనమంతా అనుకున్నారు. ఆ చోట చప్పట్లు కొట్టేవాళ్ళం. తినకుండానే తినేశాడు అని మా ఇంట్లో అది సామెతలా అయిపోయింది. పిల్లలెవరైనా అన్నం గబగబా తింటే అమ్మ అదే అనేది.

2010లో రంగులద్దిన మాయాబజార్ విడుదలైతే హైదరాబాదులో ఒక హాల్లో చూశాను. భోజనం దగ్గరికి రాగానే చేతులు చప్పట్లకు సిద్ధమయ్యాయి. పళ్ళేలు ఖాళీ కాలేదు. రంగారావు తింటూనే ఉన్నాడు. లడ్లు ఒకటొకటే ఎగిరి నోట్లో పడుతున్నాయి, ఆయన నవ్వుతున్నాడు, కళ్ళు తిప్పుతున్నాడు, ఆ ఆనందానికి అంతు లేదు. పక్కనున్నవాళ్ళంతా నవ్వుతున్నారు. యాభై ఏళ్ళు దాటిన నేను మొదటిసారి ఘటోత్కచుడు భోంచెయ్యడం చూస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాతి సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా బావకు, మామయ్య పెద్దకొడుకుకు, చెప్పాను. ఆయన ఏమీ అనకుండా లేచి అటక మీంచి ఒక తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా దింపాడు. చిన్నప్పుడు ఆయనా ఆయన స్నేహితులూ తెనాలి హాళ్ళ క్యాబిన్ల వెనక తచ్చాడుతూ, ఆపరేటర్లు కత్తిరించి పారేసిన ఫిల్ము ముక్కలు ఏరుకునేవాళ్ళట. మేము చూడని ముక్కలన్నీ అలా ఎగువ ఊళ్ళ పిల్లల డబ్బాల్లో మిగిలిపోయాయన్నమాట. వెనిగరు వాసన గుప్పుమంది. చాలావరకు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆయన వేళ్ళతో మెల్లగా విడదీసి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.

"చూడరా, నీదేమో."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు పట్టాను. నాలుగు ఫ్రేములు. నలుపూ తెలుపూ, అంచులు పసుపెక్కాయి. రంగారావు నోరు తెరిచి ఉన్నాడు. నాలుగింటిలోనూ లడ్డు గాలిలోనే ఉంది.